కదిలినవి

మొన్న సంక్రాంతికి బందరు వెళ్ళినప్పుడు అటక మీద నుంచి నాన్న ట్రంకు పెట్టె దించాను. గొళ్ళెం తుప్పు పట్టి రాలేదు. సుత్తితో రెండు దెబ్బలు వేయాల్సి వచ్చింది. మూత తీయగానే పాత వాసన కొట్టింది. ఫోటో చెరిగిపోకుండా వాడే హైపో మందు వాసన, కర్పూరం వాసన, పాత కాగితం వాసన కలిసిపోయి ఉన్నాయి. కళ్ళు మూసుకుంటే మా డార్క్ రూమ్‌లో నిలబడినట్టే ఉంది.

పెట్టె నిండా నెగటివ్‌ల కవర్లు. ఒక్కో కవరు మీద నెంబరు, నెల, సంవత్సరం, అన్నీ నాన్న పెన్సిల్ రాతలో. అడుగున ఒక కట్ట మాత్రం వేరేగా ఉంది. ఎర్ర దారంతో కట్టి, పైన అట్టముక్క మీద ఒకటే మాట రాశాడు: "కదిలినవి".

ఆ కట్ట సంగతి నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ మళ్ళీ చేతిలోకి తీసుకోవడానికి నాన్న పోయిన తర్వాత ఇన్నేళ్ళు పట్టింది.

మా స్టూడియో కోనేరు సెంటరు నుంచి నాలుగడుగులు లోపలికి, ఒక సందులో ఉండేది. నాన్న 1961లో పెట్టాడు. ముందు గది షోకేసుకి, వెనక పెద్ద గది ఫోటోలకి, దాని వెనక మెట్ల కింద డార్క్ రూమ్. పెద్ద గది పైకప్పులో ఉత్తరం వైపు నాలుగు గాజు పెంకులు వేయించాడు. ఉత్తరపు వెలుగు ఎండ పొడలా మీద పడదు, మెత్తగా పరుచుకుంటుంది. మొహం మీద గట్టి నీడలు రావు. తర్వాత 500 వాట్ల బల్బులు వచ్చాయి గానీ, పొద్దున పదింటి లోపు వచ్చినవాళ్ళని నాన్న ఆ పెంకుల కిందే కూర్చోబెట్టేవాడు. గోడకి రెండు పరదాలు. ఒకదాని మీద పూలతోట, మెట్లు, కోట. ఇంకోటి ఉత్త బూడిద రంగు. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు తోట పరదా అడిగేవాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు బూడిద రంగు పరదా అడిగేవాళ్ళు.

చిలకలపూడి మాకు దగ్గరే కాబట్టి రోల్డ్ గోల్డ్ నగలకి కొదవ లేదు. వడ్డాణం, వంకీలు, పాపిటబిళ్ళ, కాసులపేరు ఒక చెక్క పెట్టెలో ఉండేవి. పెళ్ళిచూపుల ఫోటో కోసం వచ్చిన అమ్మాయిలకి అమ్మ వచ్చి పెట్టేది. బ్లాక్ అండ్ వైట్ ఫోటోలో ఏది బంగారమో ఏది పూతో ఎవరూ చెప్పలేరు.

కెమెరా మొదట్లో నల్లగుడ్డ కప్పుకుని చూసే పెద్ద చెక్క కెమెరా. నాకు ఊహ తెలిసేసరికి యాషికా మ్యాట్ వచ్చింది. ముందు రెండు లెన్సులు, ఒకదాని కింద ఒకటి. పై లెన్సులో నుంచి వచ్చే బొమ్మ కెమెరా నెత్తి మీద ఉన్న గరుకు గాజు మీద పడుతుంది. కెమెరాని పొట్ట దగ్గర పెట్టుకుని, తల వంచి పై నుంచి ఆ గాజులోకి చూడాలి. బొమ్మ కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తుంది, ఎడమ పక్కకి జరిగిన మనిషి గాజులో కుడి పక్కకి జరుగుతాడు. నాన్నకి అది ఎంత అలవాటైపోయిందంటే, ఎవరినైనా పక్కకి జరగమని చెప్పడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించేవాడు కాదు.

నా చిన్నతనంలో నాన్న అంటే నాకు గుర్తొచ్చేది ఆ వంచిన తలే. కూలి చేసుకునే మనిషి వచ్చినా, తాసీల్దారు వచ్చినా నాన్న వాళ్ళ ముందు తల వంచే ఫోటో తీశాడు. ఇప్పటి కెమెరాలు కంటికి ఆనించి, ఎదుటి మనిషికి గురి పెట్టినట్టు పట్టుకుంటాం. నేనూ అలాగే పట్టుకుంటాను. ఎదుటివాళ్ళు కొంచెం బిగుసుకుపోవడం చూసినప్పుడల్లా నాన్న యాషికా గుర్తొస్తుంది.

అందులో వేసే రీలు 120 సైజు. ఒక రీలుకి 12 ఫోటోలే. ఎక్కువగా ఆర్వో రీళ్ళు వాడేవాళ్ళం, తూర్పు జర్మనీలో వోల్ఫెన్ అనే ఊళ్ళో తయారయ్యేవి. ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళ "ఇందు" సరుకు కూడా దొరికేది. 12 ఫోటోలే అంటే ప్రతి నొక్కుడికీ లెక్క ఉంటుంది. ఫ్యామిలీ గ్రూపుకి రెండు, ఒంటరి మనిషికి ఒకటి. అంతే. నొక్కే ముందు నాన్న "ఊపిరి బిగపట్టకండి, మామూలుగా వదలండి" అనేవాడు. ఊపిరి బిగబడితే మెడ నరాలు లేస్తాయి, కళ్ళు పెద్దవవుతాయి. ఊపిరి వదిలిన తర్వాత ఒక్క క్షణం మనిషి తనలో తాను ఉంటాడు. ఆ క్షణంలో నొక్కేవాడు.

డార్క్ రూమ్‌లో నా పని లెక్క పెట్టడం. ఎర్ర బల్బు వెలుగులో మూడు ట్రేలు వరసగా ఉండేవి. మొదటిది డెవలపర్, రెండోది నీళ్ళు, మూడోది హైపో. మెటాల్, హైడ్రోక్వినోన్, సల్ఫైటు, కార్బొనేటు, చిటికెడు బ్రోమైడు చిన్న తక్కెడలో తూచి నాన్నే కలిపేవాడు. మెటాల్ తగిలి వేళ్ళ సందులు పగిలేవి, గోళ్ళు గోధుమరంగుకి తిరిగేవి. తెల్ల కాగితం డెవలపర్‌లో వేసి ట్రేని ఒక పక్క మెల్లగా ఎత్తి దించుతుంటే, నేను ఒకటి రెండు మూడు అని మొదలుపెట్టేవాడిని. పది దాటాక కనుబొమలు వచ్చేవి. తర్వాత జుట్టు, కళ్ళు. ముక్కు చివర అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేది. తొంభై దాకా లెక్కపెట్టడం నేను బళ్ళో కాదు, ఆ చీకట్లో నేర్చుకున్నాను.

బందరు బావుల్లో నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ప్రింట్లు కడగడానికి కుళాయి నీళ్ళు పట్టి ఉంచేవాళ్ళం. హైపో పూర్తిగా వదలకపోతే పదేళ్ళకో పదిహేనేళ్ళకో ఫోటో పచ్చబడి, మొహం వెలిసిపోతుంది. అది తీసినవాడికి అప్పుడు తెలియదు, తీయించుకున్నవాళ్ళకి ముసలితనంలో తెలుస్తుంది. నీళ్ళు తక్కువగా ఉన్న వేసవిలో నాన్న ముందు బావి నీళ్ళతో కడిగి, చివర రెండుసార్లు కుళాయి నీళ్ళతో తీసేవాడు. చేసేది లేక అలా చేస్తున్నాడనుకునేవాడిని. ఉప్పునీళ్ళలో హైపో ఇంకా త్వరగా వదులుతుందని, కాకపోతే ఆఖరున మంచినీళ్ళతో తీయాలని చాలా ఏళ్ళ తర్వాత ఒక పుస్తకంలో చదివాను. అప్పటికి చెప్పడానికి నాన్న లేడు.

వేసవి వచ్చిందంటే పూలజడలు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం నాలుగింటికల్లా మా అరుగు మీద అమ్మలు, అమ్మమ్మలు, మధ్యలో కదలకుండా కూర్చున్న ఎనిమిదేళ్ళ, పదేళ్ళ ఆడపిల్లలు. మల్లెమొగ్గలు, మధ్యలో కనకాంబరాలు, చివర జడకుచ్చులు. మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి కుట్టిన జడ అది. బరువుకి పిల్ల తల వెనక్కి లాగేస్తూ ఉంటుంది. "మొగ్గలు విచ్చుకుంటున్నాయి, మాది ముందు తీసెయ్యండి అన్నయ్యా" అని ప్రతి తల్లీ అనేది. విచ్చుకుంటే వరసలు చెదిరిపోతాయి, కుట్టిన అందం పోతుంది.

పూలజడ ఫోటో తీయడం చాలా కష్టం. పిల్ల మొహమూ కనబడాలి, వెనక జడా కనబడాలి. అందుకని వెనక నిలువుటద్దం పెట్టేవాళ్ళం. పిల్ల కొంచెం పక్కకి తిరిగి నిలబడితే అద్దంలో జడ కనబడుతుంది. చూడ్డానికి ఇంతే. కానీ లెన్సుకి పిల్ల ఎనిమిది అడుగుల దూరంలో ఉంటే, అద్దంలో జడ పదకొండో పన్నెండో అడుగుల దూరంలో ఉన్నట్టు లెక్క. వెలుగు అద్దం దాకా వెళ్ళి తిరిగి రావాలి కదా. మొహానికి ఫోకస్ పెడితే జడ మసక, జడకి పెడితే మొహం మసక. రెండూ స్పష్టంగా రావాలంటే లెన్సు రంధ్రాన్ని 16 నెంబరు దాకా బిగించాలి. అంత బిగిస్తే లోపలికి వెళ్ళే వెలుగు తగ్గుతుంది, షట్టరు అర సెకనో, ఒక సెకనో తెరిచి ఉంచాలి. ఆ సెకనుసేపు, మెడ లాగేస్తున్న జడతో, ఎనిమిదేళ్ళ పిల్ల కదలకుండా నిలబడాలి.

పైగా అద్దం సరిగ్గా ఎదురుగా ఉంటే ఫోటోగ్రాఫరు, స్టాండు, లైట్లు అన్నీ అందులో పడతాయి. కొంచెం ఏటవాలుగా తిప్పాలి. ఎక్కువ తిప్పితే జడ తప్పుకుంటుంది. నాన్న అద్దం కాళ్ళ కింద అట్టముక్కలు పెడుతూ, తీస్తూ, గరుకు గాజులో చూస్తూ, మళ్ళీ వెళ్ళి సర్దుతూ పావుగంట గడిపేవాడు. ఆ పావుగంటా పిల్లకి ఏదో ఒక కబురు చెప్తూ ఉండేవాడు. "ఏం తల్లీ, జడ ఎవరు కుట్టారు? అమ్మమ్మా? అయితే అమ్మమ్మకి చూపించడానికి ఒక్కసారి బొమ్మలా నిలబడతావా?"

కదిలినవాటిలో ఎక్కువ భాగం పూలజడ పిల్లలే.

అసలు ఆ నెగటివ్‌లు దాచడం నాన్నకి మొదట్లో అలవాటు లేదు. చెడిపోయినవి బుట్టలోకి వెళ్ళేవి. బాగా వచ్చినవి మాత్రం కవర్లో పెట్టి, నెంబరు వేసి, రిజిస్టరులో రాసి పదిలం చేసేవాడు. నెగటివ్ మనది కాదు, వాళ్ళది, మన దగ్గర దాచుకున్నారు అనేవాడు. ఈ మాట ఆయన గురువు దగ్గర విన్నదట. బెజవాడలో ఆ గురువు దగ్గర నాలుగేళ్ళు ట్రేలు కడిగి పని నేర్చుకున్నాడు. రాజా దీన్‌దయాళ్ గాజు పలకల కబుర్లు కూడా ఆయనే చెప్పేవాడట. దీన్‌దయాళ్ మీరట్ దగ్గర సర్ధానాలో 1844లో పుట్టిన మనిషి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదు వచ్చి ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫరయ్యాడు. పరదాలో ఉండే స్త్రీల కోసం 1892లో వేరే స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు దొరసాని చేతిలో పెట్టాడు. మగవాడు తీస్తే వాళ్ళు రారు కాబట్టి. ఆయన గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. గాజు పలకలు, కిందపడితే పగిలేవి, నూరేళ్ళకి పైగా నిలిచాయంటే దాచినవాళ్ళు దాచడం వల్లే కదా.

1977 నవంబరు 19, శనివారం. నాకప్పుడు పదకొండేళ్ళు. పొద్దుటి నుంచే గాలి. సాయంత్రానికి ఊరంతా చీకటి. మా స్టూడియో గాజు పెంకులు నాలుగూ ఎగిరిపోయాయి. నాన్న, నేను నెగటివ్‌ల పెట్టెలు మెట్ల కింద డార్క్ రూమ్‌లోకి మోస్తూనే ఉన్నాం. సగం మోసేసరికి పైకప్పు ఒక పక్క లేచిపోయి వాన నేరుగా బీరువా మీద పడింది. బందరులో మా వీధిలో జరిగింది అంతే. దివిసీమలో ఏం జరిగిందో రెండు రోజుల తర్వాత తెలిసింది. సముద్రం పల్లెల మీదికి వచ్చేసింది. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్ళకి ఊళ్ళు లేవు. వేల మంది. ఎవరు ఎవరో పోల్చుకోలేక కట్టకట్టి దహనం చేశారు.

తడిసిన నెగటివ్‌లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. నెగటివ్ మీద ఉండే పూత జిలాటిన్, తడిస్తే మెత్తబడి జిగురులా అంటుకుంటుంది. ఎండితే ఇక విడదు. నాన్న వాటిని ఎండనివ్వలేదు. బకెట్లలో నీళ్ళు పట్టి, కాస్త పటిక కలిపి అందులో వేశాడు. పటిక పూతని గట్టిపరుస్తుంది. అమ్మ, నాన్న, నేను మూడు రోజులు నీళ్ళలో చేతులు పెట్టి ఒక్కోదాన్నీ గోటితో కాదు, నీళ్ళ ఒరవడితో విడదీశాం. విడదీసినవి దండెం మీద బట్టలారేసినట్టు ఆరేశాం. కొన్నిటికి మూలలు పోయాయి. కొన్నిటికి మొహాలే పోయాయి.

కరెంటు లేదు కాబట్టి ఫోటో పెద్దది చేసే ఎన్‌లార్జరు పనిచేయదు. ఆ రోజుల్లోనే మనుషులు రావడం మొదలైంది. తప్పిపోయినవాళ్ళ ఫోటో ఉంటే క్యాంపుల్లో చూపించి అడగొచ్చని. నాన్న నెగటివ్‌నీ కాగితాన్నీ గాజు ఫ్రేములో ఒకదానికొకటి ఆనించి, కిరసనాయిలు దీపం ముందు పట్టుకునేవాడు. నేను లెక్కపెట్టేవాడిని. నెగటివ్ ఎంతుంటే ఫోటో అంతే వచ్చేది, రెండున్నర అంగుళాలు కూడా ఉండదు. ఆ చిన్న ముక్కని చొక్కా జేబులో పెట్టుకుని వెళ్ళేవాళ్ళు. తిరిగొచ్చి దొరికారని చెప్పినవాళ్ళు నాకు గుర్తులేరు.

జనవరి నెలలో అనుకుంటా, ఒక మనిషి వచ్చాడు. నాగాయలంక అవతల పల్లె. నలభై లోపే ఉంటాడు. చాలాసేపు షోకేసు ముందు నిలబడి, అప్పుడు లోపలికి వచ్చాడు.

"బాబుగారూ, మా ఇంట్లో వాళ్ళ ఫోటో మీ దగ్గర తీయించుకున్నామండి. మా ఆడమనిషి, ఇద్దరు పిల్లలు."

చీటీ ఉందా అని అడగబోయి నాన్న ఆగిపోయాడు. ఇల్లే లేని మనిషికి చీటీ ఎక్కడిది.

"ఎప్పుడు తీయించుకున్నారు?"

"కార్తీక పున్నమికండి. మంగినపూడిలో సముద్రస్నానం చేసి, పాండురంగసామి గుడికెళ్ళి, ఇటొచ్చాం. మొన్న పున్నమి కాదండి, నిరుడూ కాదండి, ఆ ముందరేడు."

నాన్న 1975 రిజిస్టరు తీశాడు. నవంబరులో కార్తీక పున్నమి చుట్టుపక్కల రెండు రోజుల్లో నాగాయలంక వైపు నుంచి వచ్చినవాళ్ళు తొమ్మిది ఫ్యామిలీలు. పేరు రాసే అలవాటు లేదు, "నాగాయలంక, ఫ్యామిలీ, క్వార్టరు, 2 కాపీలు" అని రాసేవాడు. తొమ్మిది నెంబర్ల నెగటివ్‌లూ తీసి కిటికీ దగ్గర తెల్లగుడ్డ పరిచి ఒక్కోటీ చూపించాడు.

నెగటివ్‌లో మనుషుల్ని పోల్చుకోవడం అలవాటు లేనివాళ్ళకి రాదు. మొహం నల్లగా, జుట్టు తెల్లగా ఉంటుంది. కనుపాపలు తెల్లగా మెరుస్తుంటాయి. ఎవరైనా ఒకేలా, దయ్యాల్లా ఉంటారు. ఆయన ఒకటి చూసి తల అడ్డంగా ఊపాడు. రెండోది, మూడోది. అయిదో ఆరో దాని దగ్గర చేయి ఆగిపోయింది. మొహం చూసి కాదు. ఆవిడ కొంగు చివర చూపుడువేలికి చుట్టుకుని ఉంది.

"ఇదేనండి. సిగ్గేస్తే అట్టా చుట్టుకుంటది."

ఆ నెగటివ్ మూల కొంత పోయింది గానీ మనుషులు ముగ్గురూ బాగానే ఉన్నారు. నాన్న మర్నాడు రమ్మన్నాడు. కరెంటు అప్పటికి వచ్చేసింది. ఆ రాత్రి ప్రింటు తీస్తుంటే నేనూ ఉన్నాను. ఆవిడ, పక్కన ఆరేళ్ళ ఆడపిల్ల, ఒళ్ళో రెండేళ్ళ పిల్లాడు. పెద్దగా వేసి, మూల పాడైనచోట బ్రష్షుతో సరిచేసి, అట్టకి అంటించి సిద్ధం చేశాడు.

మర్నాడు ఆయన ఆ ఫోటోని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఇంకోటి కూడా తీశారు కదండీ బాబుగారూ. బుడ్డోడు కదిలిపోయాడని మీరు మళ్ళీ నిలబెట్టి తీశారు. ఆ కదిలింది లేదాండి?"

నాన్న మాట్లాడలేదు. అది ఉండే అవకాశం లేదు. ఆ రోజే బుట్టలోకి వెళ్ళిపోయి ఉంటుంది.

"ఇందులో వాడు వాడిలాగా లేడండి. వాడు కుదురుగా ఎప్పుడున్నాడు? అందులో అయితే ఒళ్ళోంచి దిగిపోతా ఉంటాడు."

నాన్న బీరువా అంతా వెతికాడు. నాకు తెలుసు, లేదని ఆయనకీ తెలుసు. అయినా వెతికాడు. ఒక గంట తర్వాత బయటికి వచ్చి, "లేదు బాబూ. పారేశాను" అన్నాడు. ఒక కస్టమరు ముందు నాన్న గొంతు అలా పోవడం నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

డబ్బులు తీసుకోలేదు. ఆయన చాలా ఏళ్ళు కార్తీక పున్నమికి బందరు వచ్చి, మా అరుగు మీద కాసేపు కూర్చుని వెళ్ళేవాడు. ఆయన ఫోటో ఒకటి తీస్తానని నాన్న ఎన్నోసార్లు అడిగాడు. ఒప్పుకోలేదు.

ఆ రోజు సాయంత్రమే నాన్న అట్టముక్క మీద "కదిలినవి" అని రాసి, దారం కట్టాడు. అప్పటి నుంచి ఒక్క నెగటివ్ పారేయలేదు.

బందరుకి అంతకు ముందు కూడా ఒక ఉప్పెన ఉంది. 1864 నవంబరు 1న వచ్చిన దానిలో దాదాపు 30 వేల మంది పోయారని చెప్తారు. ప్యారిస్‌లో డాగేరు కనిపెట్టిన ఫోటో పద్ధతిని 1839 ఆగస్టు 19న ప్రపంచానికి ప్రకటించి అప్పటికి పాతికేళ్ళే. ఆ పోయినవాళ్ళలో ఎంతమందికి ఫోటో అన్న మాటైనా తెలిసి ఉంటుంది? వాళ్ళంతా మనకి ఒక అంకె మాత్రమే. నాన్న ఈ లెక్క తరచూ వేసేవాడు. 1977లో పోయినవాళ్ళలో కొందరైనా అంకె కాకుండా మిగిలారు, అది మన పని అనేవాడు. గొప్ప కోసం అన్న మాట కాదు. ఆ మాట అన్న రోజు అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

టచింగ్ విషయంలో కూడా ఆయన మారాడు. అది ఇంకో సంగతి. ఏటవాలు బల్ల మీద నెగటివ్ పెట్టి, కింద నుంచి అద్దంతో వెలుగు కొట్టించి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మొహం మీద మచ్చలు నింపడాన్ని టచింగ్ అనేవాళ్ళం. మచ్చ ఉన్నచోట నెగటివ్ పలచగా ఉంటుంది. అక్కడ పెన్సిల్‌తో చుక్కలు పెడితే ప్రింటులో మచ్చ మాయమవుతుంది. మశూచి మన దేశంలో 1975తో ఆగిపోయింది గానీ, అమ్మవారి మచ్చలు ఉన్న మొహాలు ఇంకో తరం దాకా మా స్టూడియోకి వస్తూనే ఉన్నాయి. నాన్న చేయి చాలా మంచిది. పెళ్ళిచూపుల ఫోటోలకి పక్క ఊళ్ళ స్టూడియోల వాళ్ళు కూడా నెగటివ్‌లు పంపించేవాళ్ళు.

ఒకసారి ఈడేపల్లి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. భర్త పోయాడు, పెద్దకర్మకి ఫోటో కావాలి. ఉన్నది ఒకటే, ఎవరిదో పెళ్ళి గ్రూపులో మూడో వరసలో చింతగింజంత మొహం. నాన్న దాన్ని మళ్ళీ ఫోటో తీసి, పెద్దది చేసి, రెండు రాత్రులు కూర్చుని టచింగ్ చేశాడు. నున్నగా, నిగనిగలాడుతూ వచ్చింది. ఆవిడ చూసి, "ఎవరిది బాబూ ఇది?" అంది. మచ్చలు తీసేసరికి ఆవిడకి భర్త కనబడలేదు. నలభై ఏళ్ళు చూసిన మొహం ఆ మచ్చలతోనే. నాన్న ఆ నెగటివ్ మీద పెన్సిలంతా దూదితో తుడిచేసి మళ్ళీ ప్రింటు వేశాడు. ఆ తర్వాత పోయినవాళ్ళ ఫోటో ఏదైనా, ముందు ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి "ఏవి ఉంచమంటారు?" అని అడిగేవాడు. ఇప్పుడు ఫోను నొక్కగానే మన ప్రమేయం లేకుండానే మొహాలు నున్నబడిపోతున్నాయి. ఎవరూ ఏమీ అడగడం లేదు. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది.

తర్వాత కథ అందరి స్టూడియోల కథే. కలర్ ల్యాబులు వచ్చాయి. 1990లో రెండు జర్మనీలు ఒకటయ్యాక కొన్నేళ్ళకే ఆర్వో డబ్బాలు కనబడటం మానేశాయి. ఓటరు గుర్తింపు కార్డులు 1993లో మొదలయ్యాక, అంతవరకూ ఫోటో అంటే ఆయుష్షు తగ్గుతుందని దూరంగా ఉన్న ముసలమ్మలకి కూడా తప్పలేదు. డిజిటల్ వచ్చాక డార్క్ రూమ్‌లో బియ్యం బస్తాలు పెట్టాం. నాన్న 2009లో పోయాడు.

నాన్న పోయిన రోజు గోడకి పెట్టడానికి ఫోటో వెతికాం. దొరకలేదు. బ్యాంకు పాసుపుస్తకం మీద ఉన్న పాస్‌పోర్ట్ సైజు ఒకటి, మా అక్క పెళ్ళిలో పంక్తి చివర సగం కనబడేది ఒకటి. నలభై ఏళ్ళకి పైగా ఊరందరి మొహాలూ తీసిన మనిషి, ఆయన పని చేస్తూ ఉన్న ఫోటో ఒక్కటి లేదు. చేతిలో కెమెరా ఉన్న నేను కూడా తీయలేదు. స్టూడియోలో ఆయన ఎప్పుడూ ఉంటాడు కదా, ఎప్పుడైనా తీయొచ్చు అనుకున్నాను.

సంక్రాంతి మర్నాడు, కనుమ రోజు, పెరట్లో తెల్లటి పంచె ఒకటి పరిచి, కదిలినవాటి కట్ట విప్పాను. దారం ముట్టుకోగానే తెగిపోయింది. తేమకి కొన్ని మచ్చలు పడ్డాయి, చాలావరకు బాగానే ఉన్నాయి. ఒక్కోటీ ఆకాశం వైపు పట్టుకుని చూశాను. ఒళ్ళోంచి జారిపోతున్న పిల్లలు. నవ్వు ఆపుకోలేక తల తిప్పేసిన కొత్త పెళ్ళికూతురు. సరిగ్గా ఆ క్షణానికే తుమ్మిన ఒక తాతగారు. వరసగా పూలజడ పిల్లలు, మొహాలు రెండు మూడుగా సాగిపోయి, అద్దంలో జడలు మాత్రం నిశ్చలంగా కొన్ని, జడ కూడా ఊగిపోయి కొన్ని.

అందులో ఒకటి కదలలేదు. పిల్ల చక్కగా నిలబడి ఉంది. మొహం స్పష్టంగా ఉంది. ఇది ఈ కట్టలోకి ఎందుకు వచ్చిందో అర్థం కాక ఫోనులో తీసి, రంగులు తిరగేసి చూశాను. అద్దం కొంచెం ఎక్కువ తిన్నగా ఉంది. జడ పక్కనే, అద్దం అంచున, స్టాండు మీద యాషికా, దాని వెనక నాన్న. తెల్లచొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు. తల వంచుకుని గాజులోకి చూస్తున్నాడు. మొహం కనబడదు. నడినెత్తి, పాపిట, కెమెరాని రెండు పక్కలా పట్టుకున్న వేళ్ళు కనబడతాయి. పక్కన స్టూలు మీద నిక్కరుతో ఒక పిల్లాడు అట్టముక్కలు పట్టుకుని ఉన్నాడు.

కవరు తిప్పి చూశాను. పెన్సిల్‌తో రాసి ఉంది: "మే 1978. అద్దంలో నేను పడ్డాను. పాపని రేపు మళ్ళీ రమ్మన్నాను."